ఉత్త వక్కే కదా: బుగ్గలోని కణానికి ఏం జరుగుతుంది?

కిళ్ళీ గురించి ఇంట్లో మాట వచ్చిందంటే రెండు వాక్యాలు తప్పకుండా వినపడతాయి. "మా తాత రోజుకి పదిసార్లు ఆకూ వక్కా వేసుకునేవాడు, తొంభై ఏళ్ళు బతికాడు" అనేది ఒకటి. "నేను జర్దా ముట్టను, ఉత్త వక్కే" అనేది రెండోది. ఈ మధ్య మూడోది కూడా వచ్చి చేరింది: "దీనివల్ల జీన్స్ పాడవుతాయట, పిల్లలకి కూడా వస్తుందట." పేపర్లో ఒక రోజు వక్క క్యాన్సర్ కారకం అని వస్తుంది. మరో రోజు కర్ణాటక వక్క రైతులు అది తమ పంట మీద అన్యాయంగా వేసిన నింద అంటారు.

వీటిలో ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కంతా మనం వాడే మాటల దగ్గరే మొదలవుతుంది. కిళ్ళీ అని ఒక్క పేరు పెట్టినదాంట్లో రసాయనాల పరంగా నాలుగైదు వేరు వేరు వస్తువులున్నాయి. 'జన్యువులు దెబ్బతినడం' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. 'ముప్పు' అనే మాట ఒక మనిషికి ఒకలా, లక్ష మందికి ఇంకోలా పనిచేస్తుంది. ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్దాం.

ఒక కిళ్ళీలో ఎవరి పాత్ర ఎంత

తమలపాకు, వక్క, సున్నం, కాచు. ఇది మూలం. దీనికి జర్దా కలిస్తే పొగాకు కిళ్ళీ. ఆకు తీసేసి ఎండు వక్క ముక్కలకి కాచు, సున్నం, సువాసనలు కలిపి ప్యాకెట్‌లో పోస్తే పాన్ మసాలా. దానికి పొగాకు కూడా చేరిస్తే గుట్కా. పొగాకూ సున్నమూ మాత్రమే అరచేతిలో నలిపి పెదవి వెనక పెట్టుకుంటే ఖైనీ. తెలంగాణలో అంబర్, కోస్తాలో కాడ పొగాకు, ముక్కుపొడి పళ్ళకి రాసుకోవడం ఇలా ఇంకా ఉన్నాయి. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 21.4 శాతం మంది పొగ లేని పొగాకు ఏదో ఒక రూపంలో వాడుతున్నారు. పొగ తాగేవాళ్ళ శాతం 10.7. అంటే మన దేశంలో పొగాకు సమస్య సగానికి పైగా నోట్లో నమిలే సమస్యే.

ఆకు సంగతి త్వరగా తేల్చెయ్యొచ్చు. తమలపాకు ఒక్కటే నమిలితే క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. దానిలోని హైడ్రాక్సీచావికాల్, యూజినాల్ లాంటివి ప్రయోగశాలలో కొన్నిసార్లు కణాలకి రక్షణగా కూడా కనిపించాయి. అయితే ఆకు మంచిదని రుజువైతే కిళ్ళీ మంచిదని రుజువైనట్టు కాదు. తాంబూలాన్ని వెనకేసుకొచ్చే వాదనలు చాలావరకు ఆకు గుణాలు చెప్పి వక్కని దాని చాటున దాటిస్తాయి. అసలు పాత్రలు మూడే: వక్క, సున్నం, పొగాకు.

సున్నం చేసే పని

సున్నాన్ని చాలామంది రుచికి, ఎర్రటి రంగుకి అనుకుంటారు. నిజానికి అది తాళంచెవి లాంటిది. నికోటిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఉప్పులాంటి రూపం. ఇది బుగ్గ పొరని తేలిగ్గా దాటలేదు. రెండోది విడి రూపం. ఇది ఇట్టే దాటుతుంది. ఏది ఎంత ఉంటుందో నోట్లోని క్షారగుణం, అంటే పీహెచ్, నిర్ణయిస్తుంది. లెక్క వేసి చూస్తే పీహెచ్ 6 దగ్గర దాదాపు 1 శాతం నికోటిన్ మాత్రమే విడి రూపంలో ఉంటుంది. మామూలు లాలాజలానికి దగ్గరైన 7 దగ్గర సుమారు 9 శాతం, 8 దగ్గర సగం, 9 దగ్గర 90 శాతం. చిటికెడు సున్నంతో పీహెచ్ 7 నుంచి 9కి పెరిగితే అదే పొగాకు నుంచి లోపలికి దూరగల నికోటిన్ పది రెట్లవుతుంది. ఖైనీ నలిపేవాడు ఈ రసాయన శాస్త్రం చదువుకోలేదు, కానీ సున్నం లేకపోతే 'ఎక్కదు' అని అతనికి తెలుసు.

సున్నం ఇంకో రెండు పనులు చేస్తుంది. వక్కకి వగరునిచ్చే పాలీఫెనాల్స్ అనే పదార్థాలు క్షారంలో తమంతట తాము ఆక్సీకరణ చెందుతాయి. ఆ క్రమంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన ఆక్సిజన్ పదార్థాలు పుడతాయి. వక్కలో ఉండే రాగి, ఇనుము ఆ చర్యని ఇంకా ఎగదోస్తాయి. రెండోది, సున్నం పొరని కొద్దికొద్దిగా కాలుస్తుంది. కాలిన చోట కణాలు తొందరతొందరగా విభజన చెంది పుండుని పూడుస్తాయి. కణం తొందరపడి విభజన చెందడం ఎందుకు ప్రమాదమో ముందు ముందు వస్తుంది.

'గుడి' 'గడి' అయితే: పొగాకు డీఎన్‌ఏని మార్చే తీరు

పచ్చి పొగాకు ఆకులో ఉండని కొన్ని పదార్థాలు దాన్ని ఎండబెట్టి, మాగబెట్టే దశల్లో పుడతాయి. వాటిని పొగాకు నైట్రోసమైన్లు అంటారు. వీటిలో ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే అనే రెండూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ఖాయమైనవి. నమిలే పొగాకులో మంటే లేదు కదా, పొగే లేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇవి కాల్చకముందే ఆకులో తయారై ఉంటాయి. తయారీ మారితే వీటి పాళ్ళు కూడా మారతాయి. స్వీడన్‌లో పెదవి కింద పెట్టుకునే స్నస్ అనే పొగాకుని ఆవిరితో వేడి చేసి చల్లని చోట నిల్వ చేస్తారు కాబట్టి దాంట్లో ఇవి తక్కువ. అక్కడ నోటి క్యాన్సర్ ముప్పు కూడా మన దగ్గర కంటే చాలా తక్కువగా కనిపించింది. 'పొగ లేని పొగాకు పెద్ద ప్రమాదం కాదు' అనే పాశ్చాత్య వాదనలు ఎక్కువగా ఆ స్నస్ మీద నడిచినవి. వాటిని తెచ్చి మన ఖైనీకి, జర్దాకి అంటగట్టలేం.

ఎన్ఎన్‌కే శరీరంలోకి వెళ్ళాక జరిగేది కొంచెం విచిత్రం. అది నేరుగా డీఎన్‌ఏ జోలికి పోదు. శరీరం దాన్ని నీటిలో కరిగేలా మార్చి బయటికి పంపాలని సైటోక్రోమ్ అనే ఎంజైములతో పని మొదలుపెడుతుంది. ఆ శుభ్రపరిచే పనిలోనే మధ్యలో ఒక చురుకైన ముక్క పుట్టి, దొరికిన డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. అలా అతుక్కున్నదాన్ని అడక్ట్ అంటారు. మచ్చ అని పిలుచుకుందాం.

మచ్చకీ మ్యుటేషన్‌కీ తేడా ఉంది. డీఎన్‌ఏలో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. నకలు తీసేటప్పుడు జికి ఎదురుగా సి, ఎకి ఎదురుగా టి వచ్చి కూర్చోవాలి. ఎన్‌ఎన్‌కే మచ్చ పడిన జి ఒక్కోసారి 'ఎ' లాగా కనిపిస్తుంది. నకలు రాసే ఎంజైము మోసపోయి సి బదులు టి పెడుతుంది. తర్వాతి నకలులో ఆ టికి జతగా ఎ వస్తుంది. రెండు విభజనల్లో జి ఉన్న చోట ఎ స్థిరపడిపోయింది. తాళపత్రం మీద 'గుడి' అనే మాటలో కొమ్ము చెరిగిపోయిందనుకోండి. చూసి రాసేవాడు 'గడి' అని రాస్తాడు. ఆ నకలు చూసి రాసే రెండోవాడికి అక్కడ ఒకప్పుడు కొమ్ము ఉండేదని కూడా తెలియదు. చెరుగు మచ్చయితే, నకలులో ఎక్కిన 'గడి' మ్యుటేషన్.

నకలు తీయకముందే మచ్చని తుడిచే ఏర్పాటు కణంలో ఉంది. ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఆ అంటుకున్న ముక్కని పీకి తన మీదకి తీసుకుంటుంది. ఒక్కో అణువు ఒక్క మచ్చనే తుడవగలదు; తర్వాత అది పనికిరాదు, కొత్తది తయారవ్వాలి. రోజుకి ఒకసారి మచ్చ పడటానికి, గంటకోసారి పడటానికి తేడా ఇక్కడ ఉంది. సున్నం మంటకి కణాలు తొందరగా విభజన చెందితే మచ్చ తుడిచే లోపే నకలు తీసేస్తాయి. నికోటిన్ అలవాటు గంటకోసారి పిలుస్తుంది, పొగాకు మచ్చ వేస్తుంది, సున్నం నకలు తొందర పెడుతుంది. ముగ్గురూ ఒకే దవడ కింద చేరితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఒక్క అక్షరం మారినంత మాత్రాన క్యాన్సర్ రాదు. మారిన అక్షరాల్లో ఎక్కువ భాగం ఎక్కడా లెక్కలోకి రావు. కానీ కణ విభజనకి బ్రేకులు వేసే జన్యువుల్లో పడితే కథ మారుతుంది. వాటిలో టీపీ53 ముఖ్యమైనది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు విభజన ఆపడం, బాగుపడని కణాన్ని చంపించడం దాని పని. భారతీయుల్లో ఎక్కువగా వచ్చే చిగురు-బుగ్గ క్యాన్సర్ కణితుల డీఎన్‌ఏని మన శాస్త్రవేత్తలు చదివి 2013లో ప్రచురించారు. టీపీ53, ఫాట్1, క్యాస్ప్8, హెచ్‌రాస్, నాచ్1 లాంటి జన్యువుల్లో మార్పులు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ఇలాంటివి కొన్ని ఒకే కణం వంశంలో పోగుపడాలి. అందుకే నమలడం మొదలుపెట్టినప్పటికీ కణితి కనిపించేటప్పటికీ మధ్య తరచు ఇరవై, ముప్ఫై ఏళ్ళు పడుతుంది.

వక్క దారి వేరు

ఇక 'ఉత్త వక్కే' దగ్గరికొద్దాం. వక్కలో అరెకొలిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. నికోటిన్ లాగే ఇదీ నాడుల మీద పనిచేసి కాస్త వేడి, కాస్త హుషారు, కొద్దిగా చెమట తెప్పిస్తుంది. వక్క మానలేకపోవడం రుచి వ్యవహారం మాత్రమే కాదు. మెదడులో నికోటిన్ పట్టుకునే కొన్ని గ్రాహకాలనే అరెకొలిన్ కూడా తాకుతుంది. అరెకొలిన్ నుంచి నైట్రోసమైన్లు కూడా పుడతాయి, పొగాకువి వేరు, ఇవి వేరు. సున్నంతో పుట్టే ఆక్సిజన్ పదార్థాలు డీఎన్‌ఏ పోగులని తెంపుతాయి.

వక్కకి మాత్రమే ప్రత్యేకమైన దెబ్బ ఇంకోటి ఉంది. అది కణాల లోపల కంటే కణాల కింద కనిపిస్తుంది. బుగ్గ పొర అడుగున కొలాజెన్ అనే నార ఉంటుంది. వక్క దాన్ని ఎక్కువగా తయారుచేయిస్తుంది, కరగకుండా అడ్డుకుంటుంది. పైగా వక్కలో రాగి ఎక్కువ. నార పోగులని ఒకదానితో ఒకటి కట్టిపడేసే లైసిల్ ఆక్సిడేస్ అనే ఎంజైముకి రాగే కావాలి. ఫలితంగా బుగ్గ మెల్లగా తోలులా బిగుసుకుంటుంది. ముందు కారం తగిలితే మంట. తర్వాత తెల్లబారిన, గట్టిపడిన బుగ్గలు. ఆ తర్వాత నోరు తెరుచుకోదు. మామూలుగా పెద్దవాళ్ళ నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పడతాయి. వీళ్ళకి రెండు, ఒకటి, ముదిరితే అదీ కష్టం. దీన్నే ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. 1952లో తూర్పు ఆఫ్రికాలోని భారతీయ స్త్రీలలో, మరుసటి సంవత్సరం బొంబాయిలో దీన్ని వర్ణించారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1996లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. కిళ్ళీ నమిలేవాళ్ళలో ఈ జబ్బు రావడానికి సగటున ఎనిమిదిన్నర ఏళ్ళు పట్టింది. పాన్ మసాలా ప్యాకెట్ల వాళ్ళకి మూడేళ్ళ లోపే వచ్చింది. ప్యాకెట్‌లో ఆకు ఉండదు, అంతా ఎండు వక్కే, పైగా రోజంతా జేబులో ఉంటుంది. కిళ్ళీ కొట్టుకి నడిచి వెళ్ళాల్సిన తాతకీ, ప్యాకెట్ల దండ వేలాడే షాపు పక్కనే పనిచేసే పాతికేళ్ళ మనవడికీ అలవాటు ఒక్కటే అనుకోవడం ఇక్కడే తప్పు.

బుగ్గ గీకి చూస్తే

జన్యు నష్టాన్ని కంటితో చూడగలమా? కొంతవరకు చూడొచ్చు. చెక్క పుల్లతోనో చిన్న బ్రష్‌తోనో బుగ్గ లోపల మెల్లగా గీకితే రాలే కణాలు వేల కొద్దీ వస్తాయి. వాటికి రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ప్రతి కణంలో ఒక పెద్ద కేంద్రకం కనిపిస్తుంది. కొన్నింట్లో దాని పక్కన చిన్న చుక్క కూడా ఉంటుంది. విభజన సమయంలో క్రోమోజోమ్ ముక్క ఒకటి విరిగి, లేదా మొత్తం క్రోమోజోమే వెనకబడి, పెద్ద కేంద్రకంలో చేరలేక విడిగా మిగిలిపోతే ఆ చుక్క ఏర్పడుతుంది. పెళ్ళి బస్సు కదిలాక రోడ్డు మీద మిగిలిపోయిన చుట్టం లాంటిది. దాన్ని మైక్రోన్యూక్లియస్ అంటారు. కెనడాలో పనిచేసిన హాన్స్ స్టిచ్ బృందం 1980ల్లో భారతదేశం, ఫిలిప్పీన్స్‌లలో వక్క నమిలేవాళ్ళ బుగ్గల్లో వీటిని లెక్కపెట్టి ఈ పద్ధతికి పేరు తెచ్చింది.

ఏ అలవాటూ లేనివాళ్ళలో వెయ్యి కణాలకి ఒకటో రెండో ఇలాంటివి సహజంగానే ఉంటాయి. నమిలేవాళ్ళలో అది కొన్ని రెట్లు పెరుగుతుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ డెంటల్ కాలేజీల్లో పీజీ విద్యార్థులకి ఇది ఇష్టమైన థీసిస్ అంశం. కాకపోతే ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. చాలా అధ్యయనాలు నలభై, యాభై మందితో ముగుస్తాయి. డీఎన్‌ఏకి మాత్రమే అంటుకునే ప్రత్యేకమైన రంగు వాడకపోతే కణంలోని కెరాటిన్ గింజలు కూడా చుక్కల్లా కనపడి లెక్క పెరిగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ చుక్కలు ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ తేడా చూపిస్తాయి గానీ, ఫలానా మనిషికి క్యాన్సర్ వస్తుందో రాదో చెప్పవు. పొగ ఉంటే ఎక్కడో నిప్పుందని తెలుస్తుంది. ఏ ఇల్లు కాలుతుందో తెలియదు.

పుండు ఎక్కడ లేస్తుందో చూడండి

ప్రయోగశాల ఆధారాల కంటే నాకు బలంగా తోచేది వేరే ఉంది. జబ్బు పుట్టే చోటు అలవాటు జాడలో నడుస్తుంది. పాశ్చాత్య దేశాల్లో నోటి క్యాన్సర్ అంటే ఎక్కువగా నాలుక, నోటి అడుగు. మన దగ్గర ఎక్కువగా బుగ్గకీ కింది చిగురుకీ మధ్య గాడి, సరిగ్గా కిళ్ళీ ఉంచుకునే చోటు. పాపువా న్యూగినీలో పొగాకు కలపకుండానే వక్క నమిలి, సున్నాన్ని మాత్రం విడిగా పుల్లతో నోటి మూలకి అద్దుకుంటారు. అక్కడ పుండ్లు ఆ సున్నం తగిలే మూలనే ఎక్కువ.

మన ఉత్తరాంధ్రది ఇంకో జాడ. శ్రీకాకుళం జిల్లాలో చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, తరాలుగా ఉంది. 1960ల చివర్లో ముంబైలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకి చెందిన దంత పరిశోధన విభాగం అయిదు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా గ్రామీణుల నోళ్ళు పరీక్షించినప్పుడు, అక్కడ మార్పులు బుగ్గలో కాక అంగిట్లో కనిపించాయి. నిప్పూ పొగా తగిలేది అక్కడే మరి. వంశమో ఆహారమో అసలు కారణమైతే చోటు ఇలా అలవాటు వెంట మారనక్కర్లేదు.

తాతగారి లెక్క

2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేసింది. భారత ఉపఖండంలో పొగాకు కలిపిన కిళ్ళీ నమిలేవాళ్ళకి నోటి క్యాన్సర్ ముప్పు నమలనివాళ్ళ కంటే 7.74 రెట్లు, పొగాకు లేకుండా నమిలేవాళ్ళకి 2.56 రెట్లు.

ఇంత ముప్పు ఉంటే తాత ఎలా బతికాడు? లెక్క చేద్దాం. వివరించడానికి మాత్రమే ఒక అంకె తీసుకుంటున్నాను: నమలనివాళ్ళలో లక్షకి ఏటా పది మందికి ఈ జబ్బు వస్తుందనుకోండి. అప్పుడు ఉత్త వక్క కిళ్ళీ వాళ్ళలో సుమారు 26, పొగాకు కిళ్ళీ వాళ్ళలో సుమారు 77. వయసుతో వచ్చే తేడాలు పక్కనబెట్టి నలభై ఏళ్ళకి గుణిస్తే లక్షకి వరుసగా 400, వెయ్యికి కాస్త పైన, మూడు వేలకి కాస్త పైన. అంటే పొగాకు కిళ్ళీ నమిలే నూరుమంది తాతల్లో ముగ్గురికి క్యాన్సర్, తొంభై ఏడుగురికి రాదు. పెళ్ళి భోజనాల దగ్గర కథ చెప్పేది ఆ తొంభై ఏడుగురి మనవళ్ళే. మిగిలిన మూడు ఇళ్ళలో తాత బొమ్మ గోడ మీద ఉంటుంది, కిళ్ళీ మాట రాదు.

అదే లెక్కని తిప్పి చూడండి. జబ్బు వచ్చిన 77 మందిలో పది మందికి ఎలాగూ వచ్చేది. 67 మందిది అలవాటు వల్ల వచ్చినది. తాతకి ఏమీ కాలేదన్నది నిజం. ఆసుపత్రిలో ఉన్న పొగాకు కిళ్ళీ వాళ్ళలో పదింట ఎనిమిదికి పైగా అలవాటు వల్లే వచ్చారన్నదీ అంతే నిజం. అసలు అంకెలు కావాలంటే, 2022లో ప్రపంచం మొత్తమ్మీద వచ్చిన 3,89,800 నోటి క్యాన్సర్ కేసుల్లో 1,20,200 పొగ లేని పొగాకు, వక్కల వల్ల వచ్చినవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వాటిలో 83,400 భారతదేశంలోనే.

గ్రూప్ 1, గ్రూప్ 2బి, వక్క రైతుల వాదన

పేపర్లలో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఈ క్యాన్సర్ పరిశోధన సంస్థ పదార్థాలని గ్రూపులుగా విడదీస్తుంది. గ్రూప్ 1 అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ఖాయమైనవి. 1985లో పొగాకు కలిపిన కిళ్ళీ క్యాన్సర్ కారకమని తేల్చింది. పొగాకు లేని కిళ్ళీ గురించి అప్పటికి ఆధారాలు చాలవంది. 2003లో కూర్చున్న నిపుణులు, తైవాన్ లాంటి చోట్ల నుంచి వచ్చిన సమాచారం చూసి, పొగాకు లేని కిళ్ళీనీ, వక్కనీ కూడా గ్రూప్ 1లో పెట్టారు. తైవాన్‌లో కిళ్ళీలో పొగాకు కలపరు, అయినా అదే 2014 సమీక్షలో అక్కడి ముప్పు పదకొండు రెట్ల దాకా తేలింది. అక్కడ నమిలేది పచ్చి కాయ, దాంతో పాటు సాఫ్రోల్ ఉండే తమలపు పూగుత్తి. అందుకే ఆ అంకెని మన ఇంటి తాంబూలానికి అలాగే అంటించలేం.

ఆ తర్వాత అరెకొలిన్‌ని విడిగా చూసి గ్రూప్ 2బిలో, అంటే 'బహుశా కారకం కావచ్చు' అనే వరసలో పెట్టారు. వక్కని సమర్థించేవాళ్ళు దీన్ని పట్టుకున్నారు: ముఖ్య పదార్థమే 2బి అయితే కాయ గ్రూప్ 1 ఎలా అవుతుంది? సమాధానం కష్టమైనదేం కాదు. మనుషులు నమిలేది కాయని. శుద్ధి చేసిన అరెకొలిన్‌ని ఎవరూ నమలరు. కాబట్టి కాయ మీద మనుషుల ఆధారాలున్నాయి, అరెకొలిన్ మీద విడిగా లేవు. పైగా కాయలో దెబ్బ కొట్టేది అరెకొలిన్ ఒక్కటే కాదు. పాలీఫెనాల్స్, రాగి, నైట్రోసమైన్లు కూడా ఉన్నాయి.

రైతుల మిగతా అభ్యంతరాలు అంత తేలిగ్గా తోసెయ్యాల్సినవి కావు. చాలా పాత అధ్యయనాల్లో పొగాకు, మద్యం, బీడీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఉత్త వక్క మాత్రమే వాడేవాళ్ళని వెతికి పట్టుకోవడం మన దేశంలో నిజంగా కష్టం. జంతువులకి ఇచ్చిన మోతాదులు మనిషి వాడకానికి మించినవి కొన్ని ఉన్నాయి. ఇంకో మాట కూడా నిజమే: గ్రూప్ 1 అనేది ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అదే వరసలో ప్రాసెస్ చేసిన మాంసం, ఎండ కూడా ఉన్నాయి. పండగకి ఒకసారి వేసుకునే తాంబూలం మీద, రోజుకి ఇరవై ప్యాకెట్ల మీద ఒకే ముద్ర పడటం చదివేవాడికి అయోమయంగానే ఉంటుంది. అయినా పొగాకు లేని కిళ్ళీకి మన దగ్గరే తేలిన రెండున్నర రెట్లు, బుగ్గలు బిగుసుకుపోయే జబ్బు వక్క వాడే జనాల్లో తప్ప దాదాపు ఇంకెక్కడా లేకపోవడం, ఈ రెండింటికీ ఆ అభ్యంతరాలు జవాబు చెప్పలేకపోతున్నాయి.

పిల్లలకి వస్తుందా

బుగ్గ కణంలో పడిన మ్యుటేషన్ బుగ్గతోనే ఉంటుంది. తల్లి చేతి మీద పచ్చబొట్టు ఉందని బిడ్డ పచ్చబొట్టుతో పుట్టదు కదా. బిడ్డకి వెళ్ళేది అండం, వీర్యకణాల్లో ఉన్న డీఎన్‌ఏ మాత్రమే. 'జీన్స్ పాడవుతాయి' అన్న మాట విని 'వంశానికి తగులుతుంది' అనుకోవడం ఈ రెండు రకాల కణాలనీ కలిపెయ్యడమే.

కానీ ఇంతటితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. 1994లో వచ్చిన ఒక ప్రయోగంలో వక్క తినిపించిన ఎలుకల్లో కొన్నింటికి రక్తంలో చక్కెర అదుపు తప్పింది. వక్క తినని వాటి పిల్లల్లో, మనవల్లో కూడా కొన్నింటికి అది కనిపించింది. తర్వాత తైవాన్‌లో తండ్రి కిళ్ళీ అలవాటుకీ, పిల్లల్లో చిన్న వయసులోనే మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, చక్కెర, కొవ్వు లాంటివి కలిసి పెరిగే స్థితి) రావడానికీ సంబంధం కనపడింది. ఇది డీఎన్‌ఏ అక్షరాలు మారడం వల్ల కాకుండా, ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో చెప్పే గుర్తులు మారడం వల్ల కావచ్చని ఒక అనుమానం. ఇంకా తేలలేదు. గర్భంలో ఉన్న బిడ్డ సంగతి మాత్రం దీనికి వేరు, స్పష్టం కూడా: ముంబైలో చేసిన, 2004లో వచ్చిన అధ్యయనంలో నమిలే పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు.

పుట్టుకతో వచ్చే జన్యువుల పాత్ర ఇంకో వైపు నుంచి ఉంది. విషాలని బయటికి పంపే జీఎస్‌టీఎం1 అనే జన్యువు కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. లేనివాళ్ళు నమిలితే ముప్పు కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాలు, పెద్ద తేడా లేదని మరికొన్ని అంటాయి. ఏదైనా ఆ తేడా చిన్నదే. ఫాంకోని అనీమియా లాంటి అరుదైన వంశపారంపర్య జబ్బుల్లో మాత్రం డీఎన్‌ఏ మరమ్మతే సరిగా జరగదు కాబట్టి, ఏ అలవాటూ లేకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ.

మానేస్తే వెనక్కి వచ్చేది, రానిది

బుగ్గ పై పొర కొన్ని వారాలకే పూర్తిగా మారిపోతుంది. అడుగు వరసలో కణాలు విభజన చెంది పైకి తోస్తాయి, పైవి రాలిపోతాయి. అందుకే నమలడం ఆపితే మైక్రోన్యూక్లియస్ చుక్కల లెక్క వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. బుగ్గ మీద కంటికి కనిపించే తెల్ల మచ్చలు కూడా (ఇవి ముందు చెప్పుకున్న డీఎన్‌ఏ మచ్చలు కావు) చాలాసార్లు పోతాయి. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లకి పదేళ్ళపాటు నచ్చచెబుతూ వచ్చిన పరిశోధనలో, అలవాటు మానినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో కొత్త మచ్చలు రావడం బాగా తగ్గింది.

మాత్రలతో పని జరుగుతుందా అని కూడా చూశారు. జాతీయ పోషకాహార సంస్థ మన అడ్డపొగ గ్రామాల్లో ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చింది. సగానికి పైగా మందిలో అంగిటి మచ్చలు పోయాయి. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్ళలో పదిలో ఒకరికి కూడా పోలేదు. డీఎన్‌ఏ మీది అడక్ట్‌లూ తగ్గాయి. ఆశ పుట్టించే ఫలితమే. కానీ తిరువనంతపురంలో విటమిన్ ఎ, బీటా కెరోటిన్‌లతో చేసిన పరీక్షలో మాత్రలు ఆపాక చాలామందికి మచ్చలు తిరిగొచ్చాయి. మచ్చ పోయినా, అడుగు వరసలో అప్పటికే 'గడి' అని రాసుకున్న కణం అక్కడే ఉంటుంది. అది మళ్ళీ 'గుడి' కాదు. ఇక మీదట పక్కన ఇంకో తప్పు చేరకుండా ఉండటమే మానేసినందుకు దొరికే లాభం. అందుకే మానినవాళ్ళ ముప్పు ఏళ్ళు గడిచే కొద్దీ దిగుతుంది గానీ మర్నాడే దిగదు.

బిగుసుకుపోయిన బుగ్గ సంగతి ఇంకా మొండిది. రాగితో కట్టిపడిన నార వక్క మానినా విడిపోదు. వ్యాయామాలు, ఇంజెక్షన్లు, ఆపరేషన్‌తో నోరు కొంత తెరుచుకోవచ్చు, పాత బుగ్గ మాత్రం తిరిగి రాదు. ఎర్నాకుళంలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్ళపాటు గమనిస్తే వాళ్ళలో అయిదుగురికి, అంటే 7.6 శాతం మందికి, నోటి క్యాన్సర్ వచ్చింది.